కంటెయినర్ సర్వర్‌ను క్లౌడ్‌కు చేర్చే పనిని ఆటోమేట్ చేయటం: మెర్జ్ నుంచి రోల్‌బ్యాక్ దాకా

బెంగళూరులో చిన్న కంపెనీల్లో పనిచేసే తెలుగు ఇంజనీర్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది: డాకర్ ఇమేజ్ (సర్వర్ కోడ్‌ను, దానికి కావలసినవాటిని కలిపి కట్టిన మూట; అది నడుస్తున్నప్పుడు కంటెయినర్ అంటారు) తయారవుతోంది, చేత్తో పెడితే క్లౌడ్‌లో నడుస్తోంది కూడా, కానీ కోడ్ మెర్జ్ అయిన (ప్రధాన కోడ్‌లో కలిసిన) తరువాత, ఒక్క ఆమోదం తప్ప ఎవరూ ముట్టుకోకుండా ప్రొడక్షన్‌కు (వినియోగదారులు వాడే అసలు సర్వర్‌కు) చేరాలంటే ఏది ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి? కింద ఉన్నది ఆ క్రమమే.

ఉదాహరణగా మారతహళ్లి చుట్టుపక్కల పీజీ హాస్టళ్ల మెస్‌లకు భోజనాల లెక్క చెప్పే ఒక చిన్న సర్వర్‌ను తీసుకుందాం. హాస్టల్లో ఉండేవాళ్లు రాత్రి 9 గంటల లోపు రేపు తింటారో తినరో యాప్‌లో నొక్కుతారు. వంటవాళ్లు ఆ లెక్కను బట్టి బియ్యం కొలుస్తారు. సర్వర్ చిన్నదే అయినా 8 నుంచి 9 మధ్య అది ఆగిపోతే మరుసటి రోజు అన్నం మిగలటమో, చాలకపోవటమో ఖాయం.

కోడ్ గిట్‌హబ్‌లో ఉందని, పైప్‌లైన్ (బిల్డ్ నుంచి డిప్లాయ్ దాకా మెట్లను వరుసగా నడిపేది) గిట్‌హబ్ యాక్షన్స్‌లో నడుస్తుందని, సర్వర్ ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) వారి కంటెయినర్లను నడిపే సేవ ఈసీఎస్ ఫార్గేట్‌పై ఉందని అనుకుందాం. గూగుల్ క్లౌడ్ రన్ అయినా, అజూర్ కంటెయినర్ యాప్స్ అయినా పేర్లు మారతాయి గాని క్రమం పెద్దగా మారదు. కమాండ్లు ఆయా డాక్యుమెంటేషన్లలో దొరుకుతాయి కాబట్టి ఇక్కడ వరుసకు, కారణాలకు, తప్పులకే చోటిచ్చాను.

1. ఆటోమేషన్‌కు ముందు

మొదట ఒకసారి మొత్తం పనిని చేత్తో చేయండి. చేస్తున్నప్పుడు కొట్టిన ప్రతి కమాండ్‌ను, కన్సోల్‌లో నొక్కిన ప్రతి బటన్‌ను, మధ్యలో ఎవరినైనా అడిగి తెలుసుకున్న ప్రతి విషయాన్ని ఒక ఫైల్‌లో రాసుకోండి. పైప్‌లైన్ అంటే ఆ ఫైల్‌ను యంత్రం చదివేలా తిరగరాయటమే. చేత్తో చేస్తేనే పూర్తికాని పని పైప్‌లైన్‌లో అంతకంటే అర్థంకాని చోట ఆగుతుంది.

రీజియన్‌ను, అంటే ఏడబ్ల్యూఎస్ డేటా సెంటర్లున్న ప్రాంతాన్ని, ఇప్పుడే తేల్చుకోండి. బెంగళూరు వినియోగదారులకు ముంబయి, హైదరాబాద్ రెండూ దగ్గరే. హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది. పాత రీజియన్లలో ఉన్న ప్రతి సేవా అక్కడ ఉంటుందని అనుకోకుండా మీకు కావలసినవి ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. డేటాబేస్ ఎక్కడుంటే సర్వర్ కూడా అక్కడే ఉండాలి.

మొదలుపెట్టే ముందు ఇవి చేతిలో ఉండాలి:

- మెయిన్ బ్రాంచ్‌లోకి రివ్యూ లేకుండా ఎవరూ నేరుగా పుష్ చేయలేని ఏర్పాటు
- ఒకే ఆదేశంతో నడిచే టెస్టులు
- స్టేజింగ్‌కు (ప్రొడక్షన్‌కు ముందు పరీక్షించే చోటు), ప్రొడక్షన్‌కు వేరువేరు ఏడబ్ల్యూఎస్ ఖాతాలు. కుదరకపోతే కనీసం వేరువేరు క్లస్టర్లు, వేరువేరు డేటాబేస్‌లు
- సర్వర్‌కు కావలసిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ జాబితా, వాటిలో ఏవి రహస్యాలో గుర్తు

2. ఇమేజ్‌ను దారిలో పెట్టటం

డిప్లాయ్‌మెంట్ సమస్యలుగా కనిపించేవాటిలో చాలా భాగం నిజానికి ఇమేజ్ సమస్యలే. అందుకే ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగటం మంచిది.

బేస్ ఇమేజ్‌కు (మీ ఇమేజ్‌ను దేనిపై కడతారో దానికి) లేటెస్ట్ అనే ట్యాగ్ వాడకండి. ఈ రోజు ఒక వెర్షన్, వచ్చే నెల మరో వెర్షన్ వస్తే, మీ కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా బిల్డ్ విరిగిపోవచ్చు. ఖచ్చితమైన వెర్షన్ రాయండి. వీలైతే డైజెస్ట్ (ఆ ఒక్క ఇమేజ్‌కే చెందే గుర్తింపు సంకేతం) కూడా చేర్చండి.

డాకర్‌ఫైల్‌లో డిపెండెన్సీల జాబితా ఉన్న ఫైల్‌ను ముందు కాపీ చేసి, ఇన్‌స్టాల్ చేసి, ఆ తరువాతే మిగతా కోడ్‌ను కాపీ చేయండి. ఒక లేయర్ (డాకర్‌ఫైల్‌లోని ఒక మెట్టు ఇమేజ్‌లో చేర్చే పొర) మారితే దాని తరువాతి లేయర్లన్నీ మళ్లీ తయారుకావలసిందే. కోడ్‌ను ముందే కాపీ చేస్తే, ఒక కామెంట్ మార్చినా డిపెండెన్సీలన్నీ మొదటి నుంచి దిగుతాయి.

రహస్యాలను ఇమేజ్‌లో పెట్టకండి. ఒక లేయర్‌లో పాస్‌వర్డ్ ఫైల్ పెట్టి తరువాతి లేయర్‌లో తొలగించినా, అది మొదటి లేయర్‌లో భద్రంగానే ఉంటుంది. బిల్డ్ ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చిన విలువ కూడా ఇమేజ్ హిస్టరీలో కనబడుతుంది. గిట్ ఫోల్డర్, ఎన్వ్ ఫైళ్లు, లాప్‌టాప్‌లో దిగిన మాడ్యూళ్లు అన్నీ డాకర్ ఇగ్నోర్ ఫైల్‌లో ఉండాలి.

ఇప్పుడు ఎక్కువమంది పట్టించుకోని విషయం: సర్వర్‌ను మొదలుపెట్టే ఆదేశాన్ని మామూలు వాక్యంలా రాస్తే డాకర్ దాన్ని ఒక షెల్‌కు అప్పగిస్తుంది. అప్పుడు కంటెయినర్‌లో మొదటి ప్రాసెస్ మీ సర్వర్ కాదు, షెల్. క్లౌడ్ పాత కంటెయినర్‌ను ఆపదలచినప్పుడు సిగ్‌టర్మ్ అనే సంకేతం పంపుతుంది. షెల్ దాన్ని సాధారణంగా మీ సర్వర్‌కు అందించదు. గడువు తీరాక సిగ్‌కిల్ (బలవంతంగా చంపేసే సంకేతం) వస్తుంది, చేతిలో ఉన్న రిక్వెస్టులు సగంలో తెగిపోతాయి. ఆదేశాన్ని చదరపు బ్రాకెట్లలో జాబితాగా రాస్తే షెల్ మధ్యలోకి రాదు. సిగ్‌టర్మ్ అందాక కొత్త రిక్వెస్టులు తీసుకోవటం ఆపి, ఉన్నవి ముగించి, డేటాబేస్ కనెక్షన్లు మూసి, బయటికి వెళ్లే కోడ్ మాత్రం మీరే రాసుకోవాలి.

దీన్ని లాప్‌టాప్‌లోనే పరీక్షించవచ్చు. కంటెయినర్‌ను నడిపి డాకర్ స్టాప్ ఇవ్వండి. వెంటనే ఆగితే సరే. 10 సెకన్లు నిలబడి అప్పుడు ఆగితే సంకేతం అందలేదనే అర్థం, ఎందుకంటే డాకర్ మామూలుగా వేచిచూసే గడువు అంతే.

ఇమేజ్ తనిఖీ:

- సర్వర్ 127.0.0.1 పై (కంటెయినర్ లోపలి నుంచి వచ్చేవి మాత్రమే) కాక 0.0.0.0 పై (బయటినుంచి వచ్చేవి కూడా) వింటోంది
- రూట్ యూజర్‌గా నడవటం లేదు
- లాగ్స్ ఫైల్‌లోకి కాక స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి వెళ్తున్నాయి
- డాకర్ స్టాప్‌కు వెంటనే స్పందిస్తోంది
- తన కమిట్ ఐడీని చెప్పే ఒక వెర్షన్ అడ్రస్ ఉంది

చివరి అంశం అలంకారం కాదు. ఆరవ మెట్టులో పైప్‌లైన్ దాని మీదే ఆధారపడుతుంది.

3. ట్యాగ్, రిజిస్ట్రీ

ఇమేజ్‌కు గిట్ కమిట్ ఐడీనే ట్యాగ్‌గా ఇవ్వండి. ఈసీఆర్‌లో (ఇమేజ్‌లను భద్రపరిచే ఏడబ్ల్యూఎస్ రిజిస్ట్రీ) ట్యాగ్ ఇమ్యుటబిలిటీ ఆన్ చేస్తే ఒకసారి వాడిన ట్యాగ్‌పై మరో ఇమేజ్‌ను ఎవరూ రుద్దలేరు. భద్రతా లోపాలను వెతికే స్కానింగ్ కూడా ఇక్కడే ఆన్ చేయండి.

ఒకే ఇమేజ్ స్టేజింగ్‌కూ, అక్కడినుంచి ప్రొడక్షన్‌కూ వెళ్లాలి. ప్రొడక్షన్ కోసం మళ్లీ బిల్డ్ చేస్తే మీరు పరీక్షించింది ఒకటి, పంపింది ఇంకొకటి అవుతుంది. రెండింటి మధ్య తేడా కాన్ఫిగరేషన్‌లో మాత్రమే ఉండాలి.

పాత ఇమేజ్‌లను తొలగించే లైఫ్‌సైకిల్ నియమం పెట్టండి గాని, ప్రస్తుతం నడుస్తున్న ఇమేజ్, వెనక్కి వెళ్లటానికి కావలసిన గత ఇమేజ్‌లు అందులో కొట్టుకుపోకుండా లెక్క కాస్త ఉదారంగా ఉంచండి.

4. అనుమతులు: శాశ్వత తాళంచెవులు వద్దు

ఏడబ్ల్యూఎస్ యాక్సెస్ కీని గిట్‌హబ్ సీక్రెట్స్‌లో పెట్టి పని కానిచ్చేయటం ఇప్పటికీ చాలా టీమ్‌లలో ఉంది. ఆ కీ ఎప్పటికీ గడువు తీరనిది, ఎవరి చేతిలో పడినా పనిచేసేది. దానికి బదులు ఓఐడీసీ వాడండి: పైప్‌లైన్ నడిచిన ప్రతిసారీ గిట్‌హబ్ ఒక టోకెన్ ఇస్తుంది, ఏడబ్ల్యూఎస్ ఆ టోకెన్‌ను చూసి కొద్దిసేపు మాత్రమే చెల్లే అనుమతి ఇస్తుంది. గిట్‌హబ్ యాక్షన్స్ కోసం ఏడబ్ల్యూఎస్ ఇచ్చే అధికారిక యాక్షన్‌లో ఆ గడువు మామూలుగా ఒక గంట.

చేయవలసిన వరుస:

1. ఏడబ్ల్యూఎస్ ఐఏఎంలో (అనుమతులు చూసే సేవ) గిట్‌హబ్‌ను ఐడెంటిటీ ప్రొవైడర్‌గా చేర్చండి.
2. డిప్లాయ్ కోసం ఒక రోల్ (అనుమతుల మూట) తయారుచేసి, ఏ రిపోజిటరీ, ఏ బ్రాంచ్ దాన్ని వాడవచ్చో దాని ట్రస్ట్ పాలసీలో రాయండి. ఇక్కడ అంతటికీ చెల్లేలా నక్షత్రం గుర్తు పెడితే సంబంధం లేని రిపోజిటరీ కూడా మీ ఖాతాలోకి రాగలదు.
3. ఆ రోల్‌కు ఈసీఆర్‌కు పుష్ చేయటం, టాస్క్ డెఫినిషన్ (ఏ ఇమేజ్‌ను, ఏ అమరికతో నడపాలో చెప్పే పత్రం; అలా నడిచే ఒక్కో కాపీ ఒక టాస్క్) నమోదు చేయటం, ఒక్క మన సర్వర్ సర్వీస్‌ను (ఆ టాస్క్‌లను నడుస్తూ ఉండేలా చూసేది) అప్‌డేట్ చేయటం, దాని స్థితి చూడటం, మైగ్రేషన్ (డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే) టాస్క్‌ను నడపటం వరకే అనుమతి ఇవ్వండి.
4. పాస్ రోల్ (టాస్క్‌కు ఒక రోల్‌ను అప్పగించే) అనుమతిని సర్వర్ వాడే రెండు రోల్స్‌కు (అయిదో మెట్టులో వస్తాయి) మాత్రమే పరిమితం చేయండి.
5. వర్క్‌ఫ్లో ఫైల్‌లో ఐడీ టోకెన్ రాసే అనుమతి చేర్చండి. ఇది లేకపోతే టోకెనే రాదు.

చాలామందిని తిప్పలు పెట్టే చోటు ఒకటుంది. జాబ్‌కు గిట్‌హబ్ ఎన్విరాన్‌మెంట్ (స్టేజింగ్, ప్రొడక్షన్ వంటి పేరుతో నియమాలు పెట్టుకునే ఏర్పాటు) తగిలించగానే టోకెన్‌లోని సబ్జెక్ట్ భాగం మారిపోతుంది. బ్రాంచ్ పేరు ఉండవలసిన చోట ఎన్విరాన్‌మెంట్ పేరు వస్తుంది. నిన్నటి దాకా పనిచేసిన పైప్‌లైన్‌కు ప్రొడక్షన్ ఎన్విరాన్‌మెంట్ చేర్చిన రోజునే రోల్ తీసుకునే అనుమతి లేదని వస్తే, ముందుగా చూడవలసింది ట్రస్ట్ పాలసీలోని ఆ వరుస.

ఇతరులు రాసిన యాక్షన్స్‌ను (పైప్‌లైన్‌లో వాడుకునే రెడీమేడ్ మెట్లను) వెర్షన్ ట్యాగ్‌తో కాక పూర్తి కమిట్ ఐడీతో పిలవండి. 2025 మార్చిలో టీజే యాక్షన్స్ వారి ఛేంజ్డ్ ఫైల్స్ యాక్షన్‌లోకి ఎవరో చొరబడి పాత ట్యాగ్‌లలో చాలావాటిని హానికర కోడ్ వైపు తిప్పారు. దాన్ని వాడిన పైప్‌లైన్ల రహస్యాలు లాగ్స్‌లో బయటపడ్డాయి. కమిట్ ఐడీని అలా తిప్పటం కుదరదు.

5. క్లౌడ్ వైపు ఏర్పాట్లు

క్లస్టర్, సర్వీస్, రిక్వెస్టులను టాస్క్‌లకు పంచే లోడ్ బ్యాలెన్సర్‌లను, క్లౌడ్ ఏర్పాట్లను కోడ్‌గా రాయనిచ్చే టెర్రాఫార్మ్ వంటి దానితో రాసుకోవటం మంచిది. కన్సోల్‌లో నొక్కి చేసినవి ఆరు నెలల తరువాత ఎవరికీ గుర్తుండవు. అయితే టాస్క్ డెఫినిషన్‌లోని ఇమేజ్ ట్యాగ్‌ను ఎవరు మారుస్తారో ముందే తేల్చుకోండి. టెర్రాఫార్మ్, పైప్‌లైన్ రెండూ మారిస్తే, ఒకరు పెట్టినదాన్ని మరొకరు వెనక్కి లాగుతారు.

రోల్స్ రెండు. ఎగ్జిక్యూషన్ రోల్ ఇమేజ్ దించుకోవటానికి, రహస్యాలు తెచ్చుకోవటానికి, లాగ్స్ పంపటానికి. టాస్క్ రోల్ మీ కోడ్ స్వయంగా వాడుకోవటానికి. సర్వర్ మొదలే కాకపోతే మొదటిదాన్ని, మొదలయ్యాక అనుమతి లేదంటే రెండోదాన్ని చూడండి.

టాస్క్‌లు ప్రైవేట్ సబ్‌నెట్‌లో (ఇంటర్నెట్‌కు నేరు దారి లేని చోట) ఉంటే ఇమేజ్ దించుకోవటానికి నాట్ గేట్‌వే (ఇంటర్నెట్‌కు బయటికి వెళ్లే దారి) గాని, వీపీసీ ఎండ్‌పాయింట్లు (ఏడబ్ల్యూఎస్ సేవలకు లోపలి దారులు) గాని ఉండాలి. ఎండ్‌పాయింట్లు ఎంచుకుంటే ఈసీఆర్‌కు రెండు, లాగ్స్‌కు ఒకటి, సీక్రెట్స్ మేనేజర్‌కు ఒకటి, వీటితో పాటు ఎస్3కి (ఏడబ్ల్యూఎస్ ఫైళ్ల నిల్వ) కూడా ఒకటి కావాలి. ఈసీఆర్ లేయర్లు ఎస్3లో ఉంటాయి కాబట్టి ఆ ఒక్కటి మరిచిపోయినా ఇమేజ్ దిగదు.

లోడ్ బ్యాలెన్సర్ పదేపదే అడిగి చూసే హెల్త్ చెక్ అడ్రస్, సర్వర్ సిద్ధంగా ఉందో లేదో మాత్రమే చెప్పాలి. డేటాబేస్‌ను కూడా అందులో పరీక్షిస్తే, డేటాబేస్ ఒక్క నిమిషం తడబడినప్పుడు అన్ని టాస్క్‌లూ ఒకేసారి చెడ్డవిగా తేలి, లోడ్ బ్యాలెన్సర్ వెనుక ఉన్నవన్నీ కూలి మళ్లీ లేవటం మొదలవుతుంది. డేటాబేస్ కోసం వేరే అలర్ట్ పెట్టుకోండి.

లోడ్ బ్యాలెన్సర్ పాత టాస్క్‌ను వదిలే ముందు మామూలుగా 300 సెకన్లు ఆగుతుంది. మెస్ లెక్కల సర్వర్‌లో ప్రతి రిక్వెస్టూ క్షణంలో ముగుస్తుంది కాబట్టి అంతసేపు అక్కరలేదు. 30 సెకన్లకు తగ్గిస్తే ప్రతి డిప్లాయ్‌లోనూ నిమిషాలు మిగులుతాయి. ఫైళ్ల అప్‌లోడ్ వంటి పెద్ద పనులుంటే తగ్గించకండి. సిగ్‌టర్మ్ తరువాతి గడువు ఈసీఎస్‌లో మామూలుగా 30 సెకన్లు. ఫార్గేట్‌లో 120 దాకా పెంచుకోవచ్చు.

సర్వీస్‌లో కనీస ఆరోగ్య శాతం 100, గరిష్ఠం 200 ఉంచి, డిప్లాయ్‌మెంట్ సర్క్యూట్ బ్రేకర్‌ను రోల్‌బ్యాక్‌తో సహా ఆన్ చేయండి. అప్పుడు కొత్తవి నిలబడ్డాకే పాతవి ఆగుతాయి. కొత్తవి పదేపదే కూలితే సర్వీస్ తనంతట తానే పాత వెర్షన్‌కు వెళ్తుంది.

6. పైప్‌లైన్ మెట్ల వరుస

1. పుల్ రిక్వెస్ట్ దగ్గర టెస్టులు, ఇమేజ్ బిల్డ్ మాత్రమే. క్లౌడ్ అనుమతులేవీ ఇవ్వవద్దు.
2. మెయిన్‌లో మెర్జ్ అయ్యాక ఇమేజ్ తయారుచేసి, కమిట్ ఐడీ ట్యాగ్‌తో ఈసీఆర్‌కు పుష్ చేయాలి.
3. స్టేజింగ్ డేటాబేస్‌పై మైగ్రేషన్ నడపాలి.
4. స్టేజింగ్ టాస్క్ డెఫినిషన్‌లో ఇమేజ్ మార్చి, కొత్త రివిజన్ నమోదు చేసి, సర్వీస్‌ను అప్‌డేట్ చేయాలి.
5. సర్వీస్ స్థిరపడేదాకా వేచి ఉండాలి.
6. వెర్షన్ అడ్రస్‌ను అడిగి, వచ్చిన కమిట్ ఐడీ తాను పంపినదేనా అని పోల్చాలి.
7. ముఖ్యమైన రెండు మూడు రిక్వెస్టులు పంపి చూడాలి. మన ఉదాహరణలో పరీక్ష ఖాతాతో రేపటి భోజనం ఒకటి నమోదుచేసి, రద్దు చేయటం.
8. ఒకరు ఆమోదించాక, అదే ఇమేజ్‌తో 3 నుంచి 7 దాకా ప్రొడక్షన్‌లో.

ఆరో అంశం ఎందుకంటే, కొత్త వెర్షన్ కూలి సర్క్యూట్ బ్రేకర్ పాతదాన్ని వెనక్కి తెచ్చాక కూడా సర్వీస్ స్థిరంగానే ఉంటుంది. స్థిరత్వం కోసం మాత్రమే వేచిచూసే పైప్‌లైన్ అప్పుడు పచ్చగా ముగిసిపోవచ్చు. చాట్‌లో డిప్లాయ్ అయిందని సందేశం వస్తుంది, ప్రొడక్షన్‌లో నిన్నటి కోడే నడుస్తుంటుంది. కమిట్ ఐడీని పోల్చే ఆ ఒక్క రిక్వెస్ట్ ఈ చిక్కును పట్టేస్తుంది.

ఒకే సమయంలో రెండు డిప్లాయ్‌లు నడవకుండా కాంకరెన్సీ గ్రూప్ పెట్టండి. కొత్తది వచ్చిందని నడుస్తున్నదాన్ని రద్దుచేసే ఎంపికను మాత్రం ప్రొడక్షన్‌కు ఆఫ్ చేయండి. మైగ్రేషన్ సగంలో తెగితే తరువాత విప్పటం కష్టం.

7. డేటాబేస్ మార్పులు

మైగ్రేషన్‌ను సర్వర్ మొదలయ్యేటప్పుడు నడపవద్దు. రెండు టాస్క్‌లు ఒకేసారి లేస్తే రెండూ ఒకే మార్పును చేయబోతాయి. అదే ఇమేజ్‌తో, వేరే ఆదేశంతో ఒక్కసారి నడిచే టాస్క్‌గా పెట్టి, అది సున్నా ఎగ్జిట్ కోడ్‌తో ముగిసిందని చూశాకే ముందుకు వెళ్లండి.

డిప్లాయ్ జరుగుతున్నంతసేపూ పాత కోడ్, కొత్త కోడ్ రెండూ ఒకే డేటాబేస్‌ను వాడతాయన్నది మరవకూడదు. మెస్ సర్వర్‌లో ఇప్పటిదాకా ‘తింటారా’ అనే కాలమ్‌లో అవును, కాదు అని మాత్రమే ఉందనుకోండి. ఇకపై శాకాహారమా, మాంసాహారమా అన్నది కూడా కావాలి. ఒకే విడుదలలో పాత కాలమ్ తీసేసి కొత్తది పెడితే, ఇంకా ఆగని పాత టాస్క్‌లు ఆ క్షణం నుంచి ఎర్రర్లు ఇస్తాయి. పని ఇలా విడగొట్టాలి:

- మొదటి విడుదల: ఖాళీగా ఉండగల కొత్త కాలమ్ చేర్చటం, కోడ్ రెండింటిలోనూ రాయటం
- మధ్యలో: పాత వరుసలను కొద్దికొద్దిగా నింపటం
- రెండో విడుదల: కొత్త కాలమ్ నుంచి చదవటం
- కొన్నాళ్లు నిలకడగా నడిచాక: పాతదానిలో రాయటం మాని, ఆ తరువాతి విడుదలలో దాన్ని తొలగించటం

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మామూలుగా ఇండెక్స్ (వెతుకులాటను వేగం చేసే సూచిక) కడితే అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌లోకి రాతలు ఆగిపోతాయి. కాంకరెంట్లీ అనే మాట చేర్చి కట్టండి. అది ట్రాన్సాక్షన్ లోపల నడవదు కాబట్టి ఆ మైగ్రేషన్‌ను విడిగా ఉంచాలి.

8. వెనక్కి వెళ్లే దారి

దీన్ని ప్రొడక్షన్ పైప్‌లైన్ కంటే ముందే కట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. గిట్‌లో రివర్ట్ చేసి, రివ్యూ తీసుకుని, మళ్లీ బిల్డ్ అయ్యేదాకా కూర్చోవటం రోల్‌బ్యాక్ అనిపించుకోదు. కమిట్ ఐడీని అడిగి, ఆ ఇమేజ్‌తో సర్వీస్‌ను నేరుగా అప్‌డేట్ చేసే వేరే వర్క్‌ఫ్లో ఒకటి ఉండాలి. అది బిల్డ్ చేయదు, మైగ్రేషన్ నడపదు. ఏడో మెట్టును పాటించి ఉంటే పాత కోడ్ కొత్త డేటాబేస్‌తో కూడా నడుస్తుంది.

స్టేజింగ్‌లో దాన్ని నిజంగా నడిపి చూడండి, అదీ పైప్‌లైన్ రాసినవారు కాకుండా టీమ్‌లో మరొకరి చేత.

ఇక సమయం. మన సర్వర్‌కు రద్దీ రాత్రి 8 నుంచి 9 మధ్య కాబట్టి ఉదయం 11 ప్రాంతం అనువైనది. శుక్రవారం మధ్యాహ్నం తరువాత ప్రొడక్షన్ ఆమోదాన్ని ఆపేయండి. ఆ సాయంత్రం మారతహళ్లిలో సగం టీమ్ తిరుపతి, విజయవాడ బస్సుల కోసం నిలబడి ఉంటుంది. హోస్కోటె దాటాక కదిలే బస్సులో ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని లాగ్స్ చదవటం ఎంత కష్టమో చేసినవాళ్లకు చెప్పనక్కరలేదు.

9. గుర్తులు, కారణాలు, పరిష్కారాలు

ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్: ఇమేజ్ ఒక ప్రాసెసర్‌కు, టాస్క్ మరొకదానికి. కొత్త మ్యాక్‌లో బిల్డ్ చేసిన ఆర్మ్ ఇమేజ్‌ను ఎక్స్86 టాస్క్‌లో పెడితే ఇదే వస్తుంది. లాప్‌టాప్ నుంచి పుష్ చేయటం పూర్తిగా మానండి.

ఎగ్జిట్ కోడ్ 137: సిగ్‌కిల్ వచ్చింది. ఎక్కువసార్లు మెమరీ చాలకపోవటమే. లేదా సిగ్‌టర్మ్‌ను పట్టించుకోక గడువు తీరటం. ఎప్పుడు వచ్చిందో చూస్తే తేలిపోతుంది: రద్దీలో వస్తే మెమరీ, డిప్లాయ్ సమయంలో వస్తే సంకేతం.

టాస్క్ లేస్తుంది, లాగ్స్‌లో తప్పేమీ లేదు, అయినా హెల్త్ చెక్ విఫలం: 127.0.0.1 పై వినటం, సెక్యూరిటీ గ్రూప్‌లో పోర్ట్ తెరవకపోవటం, లేదా సర్వర్ లేవటానికి గ్రేస్ పీరియడ్ చాలకపోవటం. ఈ వరుసలోనే చూడండి.

ఇమేజ్ దించలేకపోయామన్న ఎర్రర్: నెట్‌వర్క్ దారి, ఎగ్జిక్యూషన్ రోల్, ట్యాగ్ నిజంగా ఉందా అన్నవి. బేస్ ఇమేజ్ విషయంలో బిల్డ్ దగ్గరే ఆగితే డాకర్ హబ్ (బేస్ ఇమేజ్‌లు దొరికే బహిరంగ రిజిస్ట్రీ) పరిమితి దాటి ఉండవచ్చు. లాగిన్ అయి దించుకోవటమో, ఈసీఆర్ ద్వారా తెచ్చుకోవటమో చేయాలి.

సీక్రెట్ మార్చినా సర్వర్ పాతదే వాడటం: ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇచ్చిన రహస్యాలు కంటెయినర్ మొదలైనప్పుడే చేరతాయి. కొత్త డిప్లాయ్ బలవంతంగా చేయించాలి.

క్లౌడ్‌వాచ్ (లాగ్స్ చేరే ఏడబ్ల్యూఎస్ సేవ) బిల్లు నెలనెలా పెరగటం: లాగ్ గ్రూప్‌కు గడువు పెట్టకపోతే లాగ్స్ ఎప్పటికీ ఉంటాయి. 30 రోజులు చాలో, ఇంకా కావాలో తేల్చుకుని పెట్టండి.

లాప్‌టాప్‌లో సరిగా ఉన్న తేదీ క్లౌడ్‌లో తప్పటం: కంటెయినర్ గడియారం మామూలుగా యూటీసీలో (మనకంటే అయిదున్నర గంటలు వెనుక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది. రాత్రి 9 గంటల గడువు అక్కడ 15:30. అంతకంటే చిక్కు, అక్కడ తేదీ మారేది మన తెల్లవారుజామున 5:30కి. అర్ధరాత్రి దాటాక ఎవరైనా ‘రేపు’ అని నొక్కితే సర్వర్ దాన్ని ఈ రోజుగా రాసుకుంటుంది. కంటెయినర్ టైమ్‌జోన్ మార్చే కంటే, తేదీ లెక్కించే చోటనే కోడ్‌లో ఆసియా కోల్‌కతా టైమ్‌జోన్‌ను స్పష్టంగా వాడి, డేటాబేస్‌లో యూటీసీనే ఉంచండి. అర్ధరాత్రి దాటిన ఒక సమయంతో టెస్ట్ ఒకటి రాసి పైప్‌లైన్ మొదటి మెట్టులో చేర్చండి.